ఒక్క స్కాన్‌తో సరిపోవాలి: రొమ్ము సీటీలో తక్కువ రేడియేషన్, మెరుగైన చిత్రం

గ్రేట్ నికోబార్ దీవిలోని క్యాంప్‌బెల్ బే నుంచి అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ఓడలో ఒక రోజుకు మించిన ప్రయాణం. సముద్రం అలజడిగా ఉంటే ఇంకా ఆలస్యం. ఆ దీవిలో ఒక మహిళకు రొమ్ములో గడ్డ చేతికి తగిలిందనుకోండి. ముందు దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్తుంది. అక్కడి నుంచి రాజధానిలోని జి.బి.పంత్ ఆసుపత్రికి పంపుతారు. చికిత్స అవసరమైతే చెన్నైకో, కోల్‌కతాకో, విశాఖపట్నానికో బంగాళాఖాతం దాటి వెళ్లాలి. దీవుల వాళ్లు ‘మెయిన్‌ల్యాండ్’ అని పిలుచుకునే ఆ తీరం చేరడానికి ఓడలో రెండు మూడు రోజులు పడుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 3.8 లక్షల మంది ఉన్నారు. వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వలస వెళ్లి చేపల వేటలో, కూలి పనుల్లో, వ్యాపారాల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థిరపడిన కుటుంబాలే వీటిలో ఎక్కువ.

ఇలాంటి చోట ‘చిత్రం సరిగా రాలేదు, మళ్లీ తీయాలి’ అన్న మాట చాలా ఖరీదైనది. మళ్లీ తీస్తే శరీరంలోకి రేడియేషన్ మళ్లీ వెళ్తుంది. కొన్నిసార్లు ప్రయాణం కూడా మళ్లీ చేయాలి. అలాగని డోసు పెంచి తీస్తే రొమ్ము కణజాలానికి అనవసరమైన ముప్పు. డోసు బాగా తగ్గించి తీస్తే చిత్రం మసకబారి, అసలు చూడాల్సినదే కనిపించకుండా పోవచ్చు. రొమ్ము సీటీ స్కాన్‌పై పని చేస్తున్న భౌతిక శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు రెండు దశాబ్దాలకు పైగా పట్టుకుని కూర్చున్న చిక్కుముడి కూడా ఇదే: ఎంత తక్కువ కిరణాలతో ఎంత స్పష్టంగా చూడగలం?

రొమ్ము విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకు?

ఎక్స్-కిరణాలకు శరీరంలోని అన్ని భాగాలూ ఒకేలా స్పందించవు. హిరోషిమా, నాగసాకి బాంబు దాడుల నుంచి బయటపడిన వారిని దశాబ్దాల పాటు పరిశీలించినప్పుడు, రొమ్ములోని గ్రంథి కణజాలం రేడియేషన్‌కు సులువుగా దెబ్బతింటుందని, చిన్న వయసులో ముప్పు మరింత ఎక్కువని తేలింది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ ప్రతి అవయవానికీ ఒక ‘తూకపు విలువ’ ఇస్తుంది. 1990 సిఫారసుల్లో రొమ్ముకు 0.05గా ఉన్న ఆ విలువను 2007లో 0.12కు పెంచింది. ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పెద్దపేగు, ఎముక మజ్జలకు ఇచ్చిన విలువ కూడా ఇంతే.

అయితే భయపడాల్సిన పని లేదు. మనం నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి సహజంగానే రేడియేషన్ పొందుతూ ఉంటాం. ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. రెండు రొమ్ములకూ తీసే మామూలు మామోగ్రామ్‌తో అందేది దాదాపు 0.4 మిల్లీసీవర్ట్. ఛాతీ సీటీ స్కాన్‌తో అందేది సుమారు 6 నుంచి 7 మిల్లీసీవర్ట్‌లు. వ్యాధిని పట్టుకోవడానికి అవసరమైనప్పుడు ఈ డోసు వల్ల వచ్చే ముప్పు కంటే మేలే ఎక్కువ. అవసరం లేని డోసు, రెండోసారి తీసిన డోసు, చిత్రంలో ఏమీ తేలని డోసు విషయంలోనే అసలు అభ్యంతరం.

మరోవైపు వ్యాధి భారం చిన్నది కాదు. గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో భారతదేశంలో సుమారు 1.92 లక్షల కొత్త రొమ్ము క్యాన్సర్ కేసులు వచ్చాయి, 98 వేల మందికి పైగా మరణించారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో ఈ వ్యాధి దాదాపు పదేళ్లు ముందే కనిపిస్తోందని వైద్యులు చెబుతారు. చిన్న వయసు అంటే రేడియేషన్‌కు ఎక్కువ సున్నితమైన కణజాలం. అంతేకాదు, ఎక్స్-రేలో లోపలిది కనిపించనివ్వని దట్టమైన కణజాలం కూడా.

నీడల మీద నీడలు

మామోగ్రామ్‌లో రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి ఎక్స్-రే తీస్తారు. మూడు కొలతలున్న అవయవం నీడ ఒక చదును చిత్రంగా పడుతుంది. కొవ్వు నల్లగా, గ్రంథి కణజాలం తెల్లగా కనిపిస్తాయి. క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే కనిపిస్తుంది. వయసు మీద పడిన వారి రొమ్ములో కొవ్వు ఎక్కువ కాబట్టి గడ్డ ఇట్టే తెలుస్తుంది. దట్టమైన రొమ్ములో మాత్రం తెలుపు వెనుక తెలుపు దాక్కుంటుంది. దట్టమైన కొమ్మల వెనుక కూర్చున్న కొంగను కింద పడిన నీడను చూసి గుర్తుపట్టమన్నట్టు ఉంటుంది.

చెట్టు చుట్టూ తిరిగి చూస్తే కొంగ కనిపిస్తుంది. సీటీ చేసే పని అదే. ఎక్స్-రే ట్యూబు, డిటెక్టరు అవయవం చుట్టూ తిరుగుతూ వందల కోణాల్లో నీడలను నమోదు చేస్తాయి. కంప్యూటరు వాటిని కలిపి, లోపలి భాగాన్ని పలుచని పొరలుగా చూపిస్తుంది. ఒకదానిపై ఒకటి పడిన నీడలు విడిపోతాయి.

మరి మామూలు సీటీ యంత్రంతోనే రొమ్మును చూడొచ్చు కదా? ఇక్కడే చిక్కు. మామూలు సీటీలో కిరణాలు రొమ్ముతో పాటు ఊపిరితిత్తులు, గుండె, పక్కటెముకలు, వెన్నెముక అన్నిటినీ దాటి వెళ్లాలి. అంత మందాన్ని దాటాలంటే ఎక్కువ శక్తి గల కిరణాలు, ఎక్కువ డోసు కావాలి. రొమ్ములోని సన్నని తేడాలను చూపగల తక్కువ శక్తి కిరణాలు ఆ దారిలోనే ఆగిపోతాయి. అందుకే మామూలు ఛాతీ సీటీ రొమ్ము క్యాన్సర్‌ను వెతికే పరీక్ష కాదు. వ్యాధి నిర్ధారణ అయ్యాక అది ఊపిరితిత్తులకో, ఎముకలకో పాకిందేమో చూడడానికి దాన్ని వాడతారు.

రొమ్ము కోసమే ఒక సీటీ

రొమ్ముకు మాత్రమే సీటీ తీయాలన్న ఆలోచన కొత్తది కాదు. 1970ల మధ్యలోనే జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ‘సీటీ/ఎమ్’ అనే యంత్రాన్ని తయారు చేసింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లోనూ, కాన్సస్ విశ్వవిద్యాలయంలోనూ దాన్ని పరీక్షించారు. రొమ్మును నీటి తొట్టిలో ఉంచి స్కాన్ చేసేవారు. ఒక్కో పొర మందం ఒక సెంటీమీటరు. చిత్రంలో అడ్డంగా 127, నిలువుగా 127 గడులే. గడ్డ తేలాలంటే రక్తనాళంలోకి అయోడిన్ మందు ఎక్కించాల్సి వచ్చేది. కొంత కాలానికే ఆ ప్రయత్నం ఆగిపోయింది.

చదునైన డిజిటల్ డిటెక్టర్లు వచ్చాక దానికి మళ్లీ ప్రాణం వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన జాన్ బూన్ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఒక ముఖ్యమైన లెక్క చెప్పింది: రొమ్మును మాత్రమే స్కాన్ చేస్తే, రెండు వ్యూల మామోగ్రామ్‌కు దగ్గరగా ఉండే డోసుతోనే మంచి సీటీ చిత్రం సాధ్యం. ఈ యంత్రంలో మహిళ బల్ల మీద బోర్లా పడుకుంటుంది. బల్లలోని రంధ్రం గుండా రొమ్ము కిందికి వేలాడుతుంది. ట్యూబు, డిటెక్టరు బల్ల కింద అడ్డంగా తిరుగుతాయి. కిరణాలు రొమ్మును మాత్రమే తాకుతాయి. నొక్కడం ఉండదు.

2008లో అదే విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన తొలి క్లినికల్ ఫలితాల్లో 10 మంది ఆరోగ్యవంతులు, అనుమానాస్పద మచ్చలున్న 69 మంది మహిళలు పాల్గొన్నారు. గడ్డలను చూపడంలో సీటీ మెరుగ్గా నిలిచింది. సున్నపు రేణువులను చూపడంలో మామోగ్రామే మెరుగ్గా నిలిచింది. పరీక్ష హాయిగా ఉందని మహిళలు సీటీకే ఎక్కువ మార్కులు వేశారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో కోనింగ్ సంస్థ తయారు చేసిన రొమ్ము సీటీకి అనుమతి ఇచ్చింది. అయితే అది అనుమానం ఉన్నవారిలో వ్యాధి నిర్ధారణకే. ఆరోగ్యవంతులందరికీ చేసే స్క్రీనింగ్‌లో మామోగ్రామ్ స్థానాన్ని దానికి ఇవ్వలేదు.

కారణాల్లో డోసు ఒకటి. రెండు వ్యూల మామోగ్రామ్‌లో ఒక్కో రొమ్ము గ్రంథి కణజాలానికి సగటున 3 నుంచి 4 మిల్లీగ్రేల డోసు అందుతుంది. రొమ్ము సీటీ తొలి అధ్యయనాల్లో యంత్రాన్ని, రొమ్ము పరిమాణాన్ని బట్టి అది సుమారు 4 నుంచి 13 మిల్లీగ్రేల వరకు నమోదైంది. అనుమానం ఉన్న మహిళకు అదనపు వ్యూలతో తీసే మామోగ్రఫీతో పోలిస్తే ఇది ఎక్కువేమీ కాదు. ఏటా లేదా రెండేళ్లకోసారి ఆరోగ్యవంతులకు చేసే పరీక్షకు మాత్రం ఎక్కువే.

వాన చినుకుల లెక్క

డోసు తగ్గిస్తే చిత్రం ఎందుకు పాడవుతుంది? అండమాన్‌లో ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. జవాబు ఆ వానలోనే ఉంది.

పెరట్లో ఒకే సైజు గిన్నెలను వరుసగా పెట్టారనుకోండి. తుంపర పడి ఆగిపోతే ఒక గిన్నెలో 90 చినుకులు, పక్క గిన్నెలో 110 పడొచ్చు. వాన అన్ని గిన్నెల మీదా ఒకేలా పడినా తేడా కనిపిస్తుంది. సగటున 100 చినుకులు పడితే హెచ్చుతగ్గు దాదాపు 10, అంటే 10 శాతం. అదే కుండపోతగా 10,000 చినుకులు పడితే హెచ్చుతగ్గు 100, అంటే ఒక్క శాతమే.

ఎక్స్-కిరణాలు కూడా చినుకుల్లా విడివిడి కణాలుగానే వస్తాయి. వాటిని ఫోటాన్లు అంటారు. డిటెక్టరులోని ఒక్కో గడి ఒక్కో గిన్నె. ఫోటాన్లు తక్కువైతే చిత్రమంతా ఇసుక చల్లినట్టు గరుకుగా కనిపిస్తుంది. దీన్నే ‘నాయిస్’ అంటారు. డోసును సగానికి తగ్గిస్తే నాయిస్ దాదాపు 1.4 రెట్లు పెరుగుతుంది. నాయిస్‌ను సగానికి దించాలంటే డోసును నాలుగు రెట్లు పెంచాలి.

చిన్న వివరాలు చూడాలంటే లెక్క ఇంకా కఠినమవుతుంది. చాలా తొలి దశ క్యాన్సర్లకు ఆనవాలు సున్నపు రేణువులే. వాటిలో కొన్ని అర మిల్లీమీటరు కంటే చిన్నవి. వాటిని చూడాలంటే చిత్రంలోని గడులూ అంత చిన్నవిగా ఉండాలి. గడి కొలతను మూడు దిశల్లోనూ సగం చేస్తే దాని ఘనపరిమాణం 8 రెట్లు తగ్గుతుంది. గిన్నె చిన్నదైతే చినుకులూ తక్కువే. అంచులను పదును పెట్టే గణితం ఆ గరుకుదనాన్ని ఇంకొంచెం పెంచుతుంది. మొత్తం మీద, పాత స్థాయి నాయిస్‌నే నిలబెట్టుకోవాలంటే డోసు 16 రెట్లు కావాలి. సున్నపు రేణువుల విషయంలో సీటీ ఎందుకు వెనకబడిందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. రొమ్మును అంత డోసుకు ఎవరూ గురి చేయరు. కాబట్టి దారి వేరే చోట వెతకాలి.

పడిన ప్రతి చినుకునూ పట్టుకోవడం

మొదటి దారి: ఉపయోగపడని కిరణాలను లోపలికే పంపకపోవడం. ఎక్స్-రే ట్యూబు నుంచి రకరకాల శక్తి గల కిరణాలు వస్తాయి. మరీ తక్కువ శక్తి గలవి రొమ్ములోనే ఇంకిపోతాయి. అవి డోసును ఇస్తాయి కానీ డిటెక్టరును చేరవు, చిత్రానికి పనికిరావు. పలుచని లోహపు రేకును అడ్డుపెట్టి వాటిని ముందే వడకడతారు. మరీ ఎక్కువ శక్తి గలవి కొవ్వునూ, గడ్డనూ ఒకేలా దాటిపోతాయి కాబట్టి తేడా చూపవు. అందుకే మామూలు సీటీలో ఎక్కువగా వాడే 120 కిలోవోల్టులకు బదులు రొమ్ము సీటీలో 50 నుంచి 80 కిలోవోల్టుల ప్రాంతంలో పని చేస్తారు.

రెండో దారి: డిటెక్టరును మార్చడం. సీటీలో మొత్తం డోసును వందల కోణాలకు పంచుతారు. అంటే ఒక్కో కోణంలో పడేది తుంపర మాత్రమే. సాధారణ డిటెక్టర్లు ఎక్స్-రేను ముందు వెలుగుగా, తరువాత విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. ఈ క్రమంలో ఎలక్ట్రానిక్ పరికరాలు తమ సొంత గరుకుదనాన్ని ప్రతి చిత్రానికీ చేరుస్తాయి. వాన ఎక్కువగా ఉంటే అది లెక్కలోకి రాదు. తుంపరలో మాత్రం అసలు సంకేతాన్నే మింగేస్తుంది. కాడ్మియం టెల్యూరైడ్ స్ఫటికంతో చేసిన ఫోటాన్ కౌంటింగ్ డిటెక్టర్లు ఎక్స్-రేను నేరుగా విద్యుత్ స్పందనగా మార్చి ఒక్కో ఫోటాన్‌నూ లెక్కపెడతాయి. ఒక హద్దు కంటే చిన్న స్పందనను అసలు లెక్కలోకే తీసుకోవు. దాంతో ఎలక్ట్రానిక్ నాయిస్ దాదాపు పక్కకు పోతుంది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో విల్లి కాలెండర్ బృందం ఈ తరహా రొమ్ము సీటీని రూపొందించింది. 2018 నుంచి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో దాన్ని రోగులకు వాడుతున్నారు. కొన్ని సెకన్లలోనే స్కాన్ పూర్తవుతుంది.

మూడో దారి: చెదిరిన కిరణాలను తీసివేయడం. రొమ్ములో దిశ మారిన కిరణాలు డిటెక్టరుపై తప్పుడు చోట పడి, చిత్రంపై పొగమంచులా పరుచుకుంటాయి. ఆ పొగమంచు ఎంతో అంచనా వేసి, ప్రతి చిత్రం నుంచీ తీసివేస్తారు. డోసు ఒక్క ఫోటాన్ కూడా పెరగదు. గడ్డ అంచు మాత్రం తేటపడుతుంది.

బెంగళూరు నుంచి ఒక వడపోత

నాలుగో దారి గణితం. ఇందులో భారతీయుల పాత్ర మొదటి రోజుల నుంచే ఉంది. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ యంత్రంతో తొలిసారి ఒక రోగి తలకు సీటీ స్కాన్ తీశారు. అదే ఏడాది, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన జి.ఎన్.రామచంద్రన్, ఎ.వి.లక్ష్మీనారాయణన్ అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. నీడల నుంచి లోపలి ఆకారాన్ని తిరిగి నిర్మించే సులువైన పద్ధతి అది.

నీడలను వచ్చిన దారినే వెనక్కి పరిచి కలిపితే ఆకారం కనబడుతుంది కానీ అంచులు అలుక్కుపోతాయి. అలా పరచడానికి ముందే ఒక్కో నీడనూ ఒక గణిత వడపోత గుండా పంపితే అలుకు పోయి, అంచులు పదునెక్కుతాయి. అంతవరకు ఫోరియర్ రూపాంతరాలతో చేసే భారీ లెక్కను వారు చిన్న కూడికలు, గుణకారాలకు దించారు. ఈ వడపోతను వారి పేర్లు కలిపి ‘రామ్-లాక్ ఫిల్టర్’ అంటారు. ప్రపంచంలో సీటీ గురించి చదువుకునే ప్రతి విద్యార్థికీ ఆ పేరు తెలుసు.

అయితే ఆ వడపోతకు అంచుకూ, ఇసుక రేణువుకూ తేడా తెలియదు. రెండిటినీ పదును పెడుతుంది. డోసు తక్కువైనప్పుడు గరుకుదనం కూడా పెరిగిపోతుంది. అందుకే 1974లో షెప్, లోగన్ దాన్ని కొంచెం మెత్తబరిచారు. తరువాతి కాలంలో ‘ఇటరేటివ్’ పద్ధతులు వచ్చాయి. వీటిలో కంప్యూటరు ముందు ఒక చిత్రాన్ని ఊహిస్తుంది. ఆ చిత్రం నిజమైతే నీడలు ఎలా ఉండాలో లెక్కిస్తుంది. అసలు నీడలతో పోల్చి చూసి, తేడాను సరిదిద్దుతుంది. ఇలా మళ్లీ మళ్లీ చేస్తుంది. ఏ కోణంలో ఫోటాన్లు తక్కువ వచ్చాయో దానికి తెలుసు కాబట్టి ఆ నీడను తక్కువగా నమ్ముతుంది. దీనితో తక్కువ డోసులోనూ, తక్కువ కోణాలతోనూ ఆమోదయోగ్యమైన చిత్రాలు వస్తున్నాయి.

ఇప్పుడు కృత్రిమ మేధ వంతు. వేల జతల చిత్రాలను చూపి, తక్కువ డోసు చిత్రం నుంచి గరుకుదనాన్ని తీసివేయడం నేర్పిస్తున్నారు. ఫలితాలు కంటికి ఇంపుగా ఉంటాయి. జాగ్రత్త పడాల్సింది కూడా అక్కడే. నునుపు చేసే క్రమంలో ఒక చిన్న సున్నపు రేణువును నాయిస్ అనుకుని చెరిపేయొచ్చు. లేని గీతను ఉన్నట్టు గీయొచ్చు. కాబట్టి చిత్రం ఎంత అందంగా ఉందన్నది కాదు, రేడియాలజిస్టు ఆ చిత్రంలో గడ్డను, రేణువును పట్టుకోగలిగారా అన్నదే నాణ్యతకు కొలత.

వీటన్నిటికీ భిన్నమైన మరో దారి కూడా ఉంది. ఎక్స్-కిరణం కణజాలంలో ఇంకిపోవడమే కాదు, అతి స్వల్పంగా వంగుతుంది కూడా. కొవ్వుకూ గడ్డకూ మధ్య ఇంకడంలో తేడా తక్కువైనా, వంగడంలో తేడా స్పష్టంగా పట్టుకోవచ్చు. దీన్నే ఫేజ్ కాంట్రాస్ట్ అంటారు. ఇటలీలోని ట్రియెస్టె, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ సింక్రోట్రాన్ కేంద్రాల్లో ఈ పద్ధతితో రొమ్ము సీటీపై పరిశోధన సాగుతోంది. మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లోనూ ఫేజ్ కాంట్రాస్ట్ చిత్రాలు తీసే ప్రత్యేక బీమ్‌లైన్ ఉంది. అయితే సింక్రోట్రాన్ ఒక భవనమంత యంత్రం. దాన్ని ఆసుపత్రి గదిలో పట్టేలా కుదించడం పెద్ద సవాలు.

దీవుల్లో ఈ విజ్ఞానం ఎక్కడ పనికొస్తుంది?

ఇంత ఖరీదైన రొమ్ము సీటీ ప్రతి జిల్లా ఆసుపత్రికీ రేపే రాదు. కానీ పై లెక్కల సారం మామూలు ఛాతీ సీటీ యంత్రం దగ్గర కూడా అక్షరాలా వర్తిస్తుంది. రొమ్ము క్యాన్సర్ బయటపడిన మహిళకు ఎక్కువగా తీసేది ఆ స్కానే. అందులో రెండు రొమ్ములూ కిరణాల దారిలోనే ఉంటాయి. ఒక్కోదానికి 10 మిల్లీగ్రేలు, కొన్నిసార్లు అంతకు మించీ అందవచ్చు. దీన్ని తగ్గించడానికి కొత్త యంత్రం అక్కర్లేదు. కొన్ని పద్ధతులు పాటిస్తే చాలు.

మొదటిది, రోగిని యంత్రపు వలయానికి సరిగ్గా మధ్యలో పడుకోబెట్టడం. బల్ల కొన్ని సెంటీమీటర్లు ఎత్తుగానో, కిందగానో ఉంటే కిరణాల పంపకం తప్పుతుంది. ఒక వైపు డోసు పెరుగుతుంది, మరో వైపు చిత్రం గరుకెక్కుతుంది. రెండోది, చేతులు తల పైకి ఎత్తించడం. మూడోది, శరీర మందాన్ని బట్టి కరెంటును తానే హెచ్చించి తగ్గించుకునే సదుపాయాన్ని వాడడం. నాలుగోది, అవసరమైనంత మేరకే స్కాన్ చేయడం. ఒకప్పుడు రొమ్ములపై బిస్మత్ కవచం కప్పేవారు. అది చిత్రాన్ని చెడగొడుతుందని, అదే మేలును కరెంటు తగ్గించి పొందవచ్చని అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం చెప్పింది.

అయిదోది, ఊపిరి. ఛాతీ సీటీ తీసే ఆ కొద్ది సెకన్లు ఊపిరి బిగపట్టాలి. లేకపోతే చిత్రం అలుక్కుపోతుంది. అండమాన్ నికోబార్ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, నికోబారీ, మలయాళం మాట్లాడేవారు పక్కపక్కనే ఉంటారు. ఒంటరిగా, భయంతో బల్లపై పడుకున్న ఒక పెద్దావిడకు తెలియని భాషలో వినిపించే ఆదేశం ఎంతవరకు పనికొస్తుంది? చాలా సీటీ యంత్రాల్లో ఈ మాటలను కావాల్సిన భాషలో రికార్డు చేసుకునే వీలుంది. ‘అమ్మా, గట్టిగా ఊపిరి పీల్చండి, అలాగే బిగపట్టండి’ అని ముందే ఒకసారి చెప్పి, అలవాటు చేయిస్తే మళ్లీ తీయాల్సిన అవసరం తగ్గుతుంది. డోసు తగ్గించే పద్ధతుల్లో ఇంత చవకైనది మరొకటి లేదు.

చివరిది, తీసిన స్కాన్ పనికొచ్చేలా ప్రయాణించడం. ఫిల్ముపై అచ్చేసిన మందపాటి పొరల చిత్రం మాత్రమే ఉంటే, మెయిన్‌ల్యాండ్ ఆసుపత్రిలో వైద్యుడు కావాల్సిన వివరం చూడలేకపోవచ్చు. పలుచని పొరల డిజిటల్ ఫైళ్లు ఉంటే వాటి నుంచే కావాల్సిన కోణంలో చూసుకోవచ్చు. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవున చెన్నైని రాజధానితో పాటు కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ వంటి దీవులకు కలిపింది. రోగి ఓడ ఎక్కే ముందే ఆమె స్కాన్ అవతలి తీరం చేరగలదు. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్లకు వెళ్లే తెలుగు కుటుంబాలు ఫిల్ములతో పాటు స్కాన్ సీడీని, డోసు వివరాలున్న పేజీని కూడా అడిగి తీసుకుని దాచుకోవాలి.

మొదటి మెట్టు చేతివేళ్లే

స్కాన్ దాకా రావాలంటే ముందు గడ్డను ఎవరో ఒకరు గుర్తించాలి. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టి, 1,51,538 మంది మహిళలతో 20 ఏళ్లు నడిపిన అధ్యయనం ఇందుకు ఒక దారి చూపింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతులతో రొమ్ములను పరీక్షించారు. క్యాన్సర్లు తొందరగా, తక్కువ దశలో బయటపడ్డాయి. 50 ఏళ్లు, ఆపై వయసు మహిళల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్న వయసు వారిలో మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. 2021లో ఫలితాలు ప్రచురితమైన ఈ అధ్యయనంలో స్క్రీనింగ్‌కు ఎక్స్-రే అవసరం కాలేదు. దేశ ఆరోగ్య కార్యక్రమంలో 30 ఏళ్లు దాటిన మహిళలకు ఈ పరీక్ష ఇప్పటికే భాగం. అనుమానం వస్తే, చిన్న వయసు వారిలో రేడియేషన్ లేని అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టవచ్చు. ఆపై అవసరాన్ని బట్టి మామోగ్రామ్, బయాప్సీ, చివరికి సీటీ.

ఈ క్రమంలో ప్రతి మెట్టూ తరువాతి మెట్టు ఎక్కాల్సిన వారి సంఖ్యను తగ్గిస్తుంది. సీటీ బల్ల దాకా వచ్చిన మహిళకు మాత్రం ఆ ఒక్క స్కానూ సరిగ్గా రావాలి. ఫోటాన్లను లెక్కపెట్టే స్ఫటికమైనా, బెంగళూరు వడపోతైనా, టెక్నీషియన్ తెలుగులో చెప్పే ఒక మాటైనా పనిచేసేది అందుకోసమే. డోసు తగ్గించడం అంటే అసలు అర్థం తక్కువ కిరణాలు వాడడం మాత్రమే కాదు, వాడిన ప్రతి కిరణానికీ ఒక జవాబు రాబట్టడం. అప్పుడు క్యాంప్‌బెల్ బే నుంచి వచ్చిన మహిళ మళ్లీ స్కాన్ కోసం కాక, చికిత్స కోసం ఓడ ఎక్కుతుంది.